దూరం ఎవరిది? టెలిఫొటో జూమ్, మాక్రో ప్రైమ్‌ల మధ్య ఎంపిక

(ఆగస్టు 19, ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం నాడు గుంటూరులో ఔత్సాహిక ఫొటోగ్రాఫర్ల సమావేశంలో చేసిన ప్రసంగానికి ఇది అక్షర రూపం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసివేయడం తప్ప మాటలు మార్చలేదు.)

మిత్రులందరికీ నమస్కారం. ఈ రోజు ఏం మాట్లాడాలో నిర్వాహకులు ముందే నిర్ణయించి చెప్పారు. ఇక్కడికి వచ్చేవారిలో ఎక్కువ మంది దగ్గర కెమెరాతో పాటు వచ్చిన 18–55 లెన్సు, తర్వాత కొనుక్కున్న 50 మిల్లీమీటర్ల లెన్సు ఉన్నాయనీ, మూడో లెన్సు కోసం ఏడాదిగా డబ్బు కూడబెట్టుకున్నవాళ్లు దూరపువాటిని దగ్గరగా చూపే టెలిఫొటో జూమ్ కొనాలా, చిన్నవాటిని దగ్గర నుంచి పెద్దగా తీసే మాక్రో ప్రైమ్ (జూమ్ కాని లెన్సు) కొనాలా అనే దగ్గర ఆగిపోయారనీ, ఆ చిక్కు విప్పే మాటలు నాలుగు చెప్పమనీ అడిగారు. రెండూ కొనగలిగినవారికి ఈ ప్రసంగంతో పని లేదు. ఒక్కటే కొనగలిగినవారి కోసం మాట్లాడతాను.

లెన్సు కొనేముందు మనమంతా వేసుకునే ప్రశ్న ఒకటుంది. నాకు ఏం తీయాలని ఉంది? పక్షులైతే జూమ్, పురుగులైతే మాక్రో అని దుకాణంలో చెబుతారు, యూట్యూబులో చెబుతారు, మనమూ ఒకరికొకరం చెప్పుకుంటాం. ఆ సమాధానం తప్పు కాదు, కానీ చాలదు. నేను మిమ్మల్ని వేసుకోమనే ప్రశ్న వేరు. మీరు తీయదలచుకున్న ప్రాణి మిమ్మల్ని ఎంత దగ్గరికి రానిస్తుంది? అది రానిచ్చిన చోటికి మీ లెన్సు మిమ్మల్ని వెళ్లనిస్తుందా? మళ్లీ చెబుతున్నాను, ఇవి రెండు ప్రశ్నలు. ప్రాణి రానిస్తుందా, లెన్సు వెళ్లనిస్తుందా?

నేను చాలా ఏళ్లు భౌతికశాస్త్రం పాఠాలు చెప్పినవాడిని, అందుకని లెక్క నుంచే మొదలుపెడతాను. చెరువు గట్టున చిన్న లకుముకిపిట్ట కూర్చుని ఉందనుకోండి. ముక్కు కొన నుంచి తోక దాకా సుమారు 17 సెంటీమీటర్లు ఉంటుంది. మీరు 20 మీటర్ల దూరంలో నిలబడ్డారు, మీ చేతిలో 300 మిల్లీమీటర్ల లెన్సు ఉంది. సెన్సర్ మీద, అంటే కెమెరా లోపల వెలుగు పడే పలక మీద, ఆ పిట్ట బొమ్మ ఎంత పొడవు పడుతుంది? పిట్ట పొడవును ఫోకల్ లెంగ్త్‌తో, అంటే మనం బడిలో నాభ్యంతరం అని చదువుకున్నదానితో గుణించి, దూరంతో భాగించండి. రెండున్నర మిల్లీమీటర్లు వస్తుంది. మనలో చాలా మంది వాడే ఏపీఎస్-సీ సెన్సర్ వెడల్పు 23.5 మిల్లీమీటర్లు, కేనన్‌లో కాస్త తక్కువ, 22.3. అంటే అంత ఖరీదు పెట్టి కొన్న లెన్సులో మీ లకుముకిపిట్ట చిత్రం వెడల్పులో తొమ్మిదో వంతు మాత్రమే ఉంటుంది. 24 మెగాపిక్సెళ్ల కెమెరా అయితే ముక్కు నుంచి తోక దాకా దాదాపు 650 పిక్సెళ్లు.

ఇప్పుడు రెండో లెక్క. ఆరుద్ర కార్తెలో తొలకరి పడగానే చేలల్లో, గట్ల మీద ఎర్రని మఖమల్ గుడ్డ చుట్టుకున్నట్టు కనిపించే ఆరుద్ర పురుగు మీ అందరికీ తెలుసు. చిన్నప్పుడు అగ్గిపెట్టెల్లో దాచుకున్నవాళ్లం మనలో చాలా మంది ఉంటారు. అది సుమారు ఒక సెంటీమీటరు ఉంటుందనుకుందాం. అదే 300 లెన్సుతో, అంటే మామూలు 70–300 జూమ్‌తో దాన్ని తీయబోయారు. ఆ తరహా లెన్సుల్లో చాలావరకు మీటరున్నర కన్నా దగ్గరగా ఫోకస్ చేయవు, ఆ దూరంలో వాటి ఆవర్ధనం 1:4. అంటే సెన్సర్ మీద పడే బొమ్మ అసలు వస్తువులో నాలుగో వంతు. సెంటీమీటరు పురుగు బొమ్మ ఎంత? రెండున్నర మిల్లీమీటర్లు!

గమనించారా? పిట్టకూ రెండున్నర, పురుగుకూ రెండున్నర. ఫలితం ఒకటే అయినా కారణం ఒకటి కాదు. పిట్ట మనల్ని దగ్గరికి రానివ్వదు. పురుగు రానిస్తుంది, లెన్సు వెళ్లనివ్వదు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఈ తేడాలోనే ఉంది. మధ్యలో ఉన్న దూరం ఎవరు పెట్టింది? ప్రాణి పెట్టిన దూరమైతే దానికి మందు టెలిఫొటో. లెన్సు పెట్టిన దూరమైతే దానికి మందు మాక్రో. ఒకదాని మందు ఇంకొకదానికి పనిచేయదు. 100 మిల్లీమీటర్ల మాక్రోతో ఆ లకుముకిపిట్టను తీస్తే సెన్సర్ మీద మిల్లీమీటరు కూడా పడదు. అదే మాక్రోతో ఆరుద్ర పురుగును తీస్తే పూర్తి సెంటీమీటరు పడుతుంది, చిత్రం వెడల్పులో సగానికి కాస్త తక్కువ.

ముందు టెలిఫొటో సంగతి చూద్దాం. 300 నుంచి 600కు వెళితే బొమ్మ రెట్టింపు అవుతుంది. 20 మీటర్ల నుంచి 10 మీటర్లకు నడిచినా అంతే రెట్టింపు అవుతుంది. ఒకదానికి పెద్ద మొత్తం కావాలి, రెండోదానికి ఓపిక కావాలి. పక్షుల ఫొటోగ్రఫీలో మొదటి రెండేళ్లు నేను మొదటిదాని కోసం ఆరాటపడ్డాను, రెండోదాన్ని నేర్చుకోలేదు. మన ఊరి పక్కనే ఉన్న ఉప్పలపాడు సంగతి తీసుకోండి. అక్కడి చెరువులోని చెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి, ఊరి మనుషుల అలికిడికి అలవాటుపడిపోయాయి. అక్కడ 300 చాలు, ఒక్కోసారి 200 కూడా చాలు. అదే పులికాట్‌లో రాజహంసల గుంపు దగ్గరకో, కొల్లేరులో నీటి మధ్య ఉన్న బాతుల దగ్గరకో వెళ్లండి, 600 ఉన్నా ఇంకా ఉంటే బాగుండుననిపిస్తుంది. ఒకే లెన్సు ఒక చోట పుష్కలం, ఇంకో చోట చాలీచాలనిది. అందుకే మీరు నెలకు ఎన్నిసార్లు, ఏ చెరువు దగ్గరకు వెళ్లగలరో ముందు చూసుకోండి. కలలో వెళ్లే చెరువును లెక్కలోకి తీసుకోకండి.

టెలిఫొటో విషయంలో మన ఎండల గురించి తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే చలిదేశాల వాళ్లు రాసిన సమీక్షల్లో దీనికి అంత చోటు ఉండదు. వేసవిలో పొద్దున తొమ్మిది దాటాక నేల వేడెక్కి, ఆ వేడి గాలి పొరలు పొరలుగా పైకి లేస్తుంది. రోడ్డు మీద ఎండమావి కనబడేది ఆ గాలి వల్లనే. 50 మీటర్ల అవతల ఉన్న పిట్టను 600 మిల్లీమీటర్ల లెన్సుతో తీసినప్పుడు మీ కెమెరా ఆ గాలి పొరలన్నిటి గుండా చూస్తోంది. ఈకల మీద గీతలు అలుక్కుపోతాయి. ఫోకస్ తప్పిందనుకుంటారు, లెన్సు బాగాలేదనుకుంటారు, సర్వీసు కేంద్రానికి పంపేవాళ్లూ ఉన్నారు. లెన్సులో ఏ లోపమూ లేదు. ఎంత ఖరీదైన లెన్సూ ఆ గాలిని దాటలేదు. మన ప్రాంతంలో మార్చి నుంచి జూన్ దాకా పొడవాటి టెలిఫొటోకు రోజుకు రెండున్నర, మూడు గంటలే నిజమైన పని ఉంటుంది. మాక్రోకు ఈ బాధ లేదు. పురుగుకూ లెన్సుకూ మధ్య జానెడు గాలే ఉంటుంది కదా.

బరువు గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. 150–600 జూమ్‌లు సుమారు రెండు కిలోలు తూగుతాయి. 100 మిల్లీమీటర్ల తరగతి మాక్రోలు 600 గ్రాములకు అటూఇటూగా ఉంటాయి. బైకు మీద 40 కిలోమీటర్లు వెళ్లి, గట్టు వెంబడి గంటసేపు నడిచేవాళ్లకు ఆ తేడా ఎంతో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక మాక్రో. మొదట పేరు దగ్గరే జాగ్రత్త పడాలి. నిజమైన మాక్రో అంటే 1:1 ఆవర్ధనం ఇచ్చేది, అంటే సెంటీమీటరు వస్తువు సెన్సర్ మీద సెంటీమీటరుగానే పడాలి. చాలా జూమ్ లెన్సుల మీద మాక్రో అన్న మాట రాసి ఉంటుంది. వాటిలో కొన్ని 1:2 ఇస్తాయి, కొన్ని 1:4 దగ్గరే ఆగిపోతాయి. ఇంకో పక్క నికాన్ వాళ్లు తమ అసలైన మాక్రో లెన్సులకు మైక్రో అని పేరు పెట్టారు, కొత్త జడ్ మౌంట్ కెమెరాల లెన్సులకు వచ్చేసరికి ఎంసీ అన్నారు. మాక్రో అని రాసినది మాక్రో కాకపోవచ్చు, మాక్రో అని రాయనిది మాక్రో కావచ్చు. పేరు చూడకండి, లెన్సు వివరాల్లో గరిష్ఠ ఆవర్ధనం అన్న వరుస చూడండి.

ఆ వివరాల్లోనే కనీస ఫోకస్ దూరం అని ఇంకో అంకె ఉంటుంది. 100 మిల్లీమీటర్ల మాక్రోకు అది దాదాపు 30 సెంటీమీటర్లు ఉంటుంది. అడుగు దూరం ఉంది కదా, తూనీగ ఎగిరిపోదులే అనుకుంటాం. కానీ ఆ దూరాన్ని కొలిచేది లెన్సు ముందు అద్దం నుంచి కాదు, లోపల ఉన్న సెన్సర్ నుంచి. కెమెరా పైన సున్నాకు అడ్డంగా గీత గీసినట్టు ఒక గుర్తు ఉంటుంది చూడండి, కొలత అక్కడి నుంచే. కెమెరా మందం, లెన్సు పొడవు తీసేస్తే పురుగుకూ లెన్సుకూ మధ్య మిగిలేది 14, 15 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా ఉండదు. 60 మిల్లీమీటర్ల మాక్రో అయితే ఇంకా తక్కువ. చవకగా వస్తోందని పొట్టి మాక్రో కొనేవాళ్లకు నేను ఇచ్చే సలహా ఇదే. నగలు, పూలు, నాణేలు తీసేవాళ్లకు 60 చాలు. కదిలే ప్రాణులను తీసేవాళ్లు 90కి తగ్గవద్దు.

జానెడు దూరానికి వెళ్లాక ఏమవుతుంది? అక్కడ ఇంకో ప్రపంచపు నియమాలు మొదలవుతాయి. 1:1 దగ్గర ఎఫ్/8 పెట్టినా, అంటే లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేసినా, స్పష్టంగా కనబడే లోతు ఫుల్‌ఫ్రేమ్ (ఏపీఎస్-సీ కన్నా పెద్ద సెన్సర్) లెక్కలో ఒక మిల్లీమీటరే. ఒక్క మిల్లీమీటరు! ఈగ కన్ను స్పష్టంగా ఉంటే దాని రెక్క మసకబారుతుంది. ఎఫ్/16కు వెళితే రెండు మిల్లీమీటర్లు వస్తాయి, కానీ 1:1 దగ్గర లెన్సు ముందుకు జరిగినందువల్ల వెలుగు రెండు స్టాప్‌లు, అంటే నాలుగో వంతుకు తగ్గి అది ఎఫ్/32తో సమానమవుతుంది, కాంతి వివర్తనం వల్ల, అంటే సన్నని రంధ్రం గుండా వచ్చే వెలుగు పక్కలకు పరుచుకోవడం వల్ల, చిత్రమంతా మెత్తబడిపోతుంది. ఎఫ్/8కూ ఎఫ్/11కూ మధ్య ఉండమని నా అనుభవం చెబుతోంది. వెలుగు ఎక్కడి నుంచి వస్తుంది? ఫ్లాష్ నుంచి వస్తుంది. ట్రేసింగ్ కాగితం అడ్డుపెట్టిన మామూలు ఫ్లాష్ చాలు. తక్కువ పవర్‌లో అది వెలిగేది సెకనులో వేల వంతు మాత్రమే కాబట్టి చేతి వణుకునూ, గాలికి ఊగే ఆకునూ కూడా ఆపేస్తుంది. లెన్సులో ఉండే వణుకు నివారణ మీద ఇక్కడ మరీ ఆశ పెట్టుకోవద్దు. దూరపు వస్తువులకు ఇబ్బంది కెమెరా కోణం మారడం వల్ల వస్తుంది, ఇంత దగ్గరలో కెమెరా ముందుకూ వెనక్కూ ఊగడమే అసలు ఇబ్బంది. శ్వాస తీసుకుంటేనే ఫోకస్ పోతుంది. ఆటోఫోకస్ ఆపేసి, లెన్సును ఒక ఆవర్ధనం దగ్గర పెట్టి, మీ శరీరమే నెమ్మదిగా ముందుకు జరిగి, కన్ను స్పష్టమైన క్షణంలో నొక్కాలి. మొదటి నెల వందకు తొంభై చిత్రాలు పోతాయి. పోనివ్వండి.

మరి ఇంత కష్టమైనదాన్ని ఎందుకు కొనాలి అని అడుగుతారేమో. మీ పెరట్లో కరివేపాకు చెట్టు ఉందా? చాలా చేతులు లేస్తున్నాయి. ఆ చెట్టు మీదా, నిమ్మ మొక్క మీదా కామన్ మార్మన్ అనే నల్ల సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. గుడ్డు ఆవగింజంత ఉంటుంది. అందులోంచి వచ్చిన గొంగళిపురుగు మొదటి రోజుల్లో అచ్చం పిట్ట రెట్టలా కనబడుతుంది, దాన్ని తినబోయిన పిట్ట మోసపోవడానికి. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారిపోతుంది. రోడ్డు పక్కన జిల్లేడు ఉంటే దాని మీద ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక గొంగళ్లు ఉంటాయి, నల్లని, పసుపుపచ్చని, తెల్లని పట్టీలతో. వంటింటి గుమ్మానికి పది అడుగుల దూరంలో, ఆఫీసుకు వెళ్లబోయే ముందు ఇరవై నిమిషాల్లో, ఏ అడవికీ అనుమతి తీసుకోకుండా, ఏ బైకూ ఎక్కకుండా, ఒక ప్రాణి జీవితమంతా గుడ్డు నుంచి రెక్కల దాకా తీయవచ్చు. టెలిఫొటో ఇవ్వలేనిది ఇదే. దానికి ప్రయాణం కావాలి. మాక్రోకు పెరడు చాలు.

నేను ముందు కొన్నది జూమే. రెండేళ్లు దాచిన ఫోల్డర్లు ఒక సంక్రాంతి సెలవుల్లో కూర్చుని చూశాను. వేల కొద్దీ పక్షుల చిత్రాల్లో దాదాపు అన్నీ కత్తిరించి కత్తిరించి మసకబారినవే. పది మందికి చూపించాలనిపించినవి ఏవి అని వేరు చేస్తే వాటిలో ఎక్కువ సీతాకోకచిలుకలు, తూనీగలే ఉన్నాయి, అదీ జూమ్ ఎంత దగ్గరగా ఫోకస్ చేయగలదో అంత దగ్గరగా తీసినవి. నా కళ్లు దేన్ని చూస్తున్నాయో నా చిత్రాలకు తెలుసు, నాకు తెలియలేదు. ఆ తర్వాతి ఏడాది మాక్రో కొన్నాను. మీరు డబ్బు కట్టే ముందు ఈ పరీక్ష మీరే పెట్టుకోండి. గత ఏడాది మీరు తీసినవన్నీ తెరవండి. చెడిపోయిన చిత్రాలను మాత్రమే చూడండి, మంచివాటిని చూడకండి. అవి ఎందుకు చెడిపోయాయి? వస్తువు దూరంగా ఉండి కత్తిరించాల్సి వచ్చిందా, లేక దగ్గరికి వెళ్లబోతే లెన్సు ఫోకస్ కాక వెనక్కి రావాల్సి వచ్చిందా? ఒక కాగితం మీద రెండు వరుసల్లో గీతలు పెట్టుకుంటూ వెళ్లండి. ఏ వరుస పొడవైతే ఆ లెన్సు కొనండి.

మనలో పెళ్లిళ్లు తీసేవాళ్లు ఉన్నారు కాబట్టి వారి సంగతి కూడా చెప్పాలి. మంగళసూత్రం, మెట్టెలు, ఉంగరాలు, గోరింట చేతులు తీయడానికి మాక్రో చక్కగా ఉంటుంది, దాని రంధ్రం ఎఫ్/2.8 దాకా వెడల్పుగా తెరుచుకుంటుంది కాబట్టి పెళ్లికూతురి ముఖచిత్రానికీ అదే పనికొస్తుంది. తలంబ్రాలను మండపం బయటి నుంచి తీయడానికి టెలిఫొటో కావాలన్న మాట నిజమే, కానీ అది ఎఫ్/2.8 ఉన్న 70–200 అయి ఉండాలి. పగటి పక్షుల కోసం చేసిన ఎఫ్/5.6, ఎఫ్/6.3 జూమ్‌తో రాత్రి ముహూర్తానికి వెళితే ఐఎస్ఓను, అంటే వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయిని, పెంచుకుంటూ పోవడమే పని. రెండు జూమ్‌ల పేరులోనూ టెలిఫొటో ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు.

మధ్యే మార్గం లేదా అని చాలా మంది అడుగుతారు. ఉంది, ఈ పదేళ్లలో అది బాగా మెరుగుపడింది. కేనన్ ఆర్ఎఫ్ 100–400 లెన్సు 635 గ్రాముల బరువుతో 0.41 ఆవర్ధనం ఇస్తుంది. సోనీ 2023లో తెచ్చిన 70–200 ఎఫ్/4 రెండో తరం లెన్సు సగం సైజు, అంటే 0.5 దాకా వెళుతుంది. సీతాకోకచిలుకలకూ, తూనీగలకూ, తొండలకూ ఇది పుష్కలంగా సరిపోతుంది. చెప్పాలంటే బెదురుబోతు తూనీగలకు మాక్రో కన్నా ఇదే మేలు, ఆ కేనన్ లెన్సుతో మీటరు దూరం నుంచి తీయవచ్చు, వెనక ఉన్న గడ్డీగాదం కూడా తక్కువ మేర కనబడి చిత్రం శుభ్రంగా ఉంటుంది. చీమ, సాలీడు కన్ను, సీతాకోకచిలుక గుడ్డు అయితే సరిపోదు.

పాత జూమ్ ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. కెమెరాకూ లెన్సుకూ మధ్య బిగించే, గాజు లేని ఎక్స్‌టెన్షన్ ట్యూబులు చవక కదా అని కొంటారు. అవి అదనంగా ఇచ్చే ఆవర్ధనం ట్యూబు పొడవును ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే వచ్చేంతే. 25 మిల్లీమీటర్ల ట్యూబు 50 లెన్సుకు పెడితే సగం ఆవర్ధనం అదనంగా వస్తుంది, 300కు పెడితే పన్నెండో వంతు మాత్రమే వస్తుంది. అంటే ట్యూబు పొట్టి లెన్సుకు మందు. పొడవాటి లెన్సుకు మందు ముందు బిగించే క్లోజప్ లెన్సు. దాని లెక్క ఇందుకు సరిగ్గా తిరగేసి ఉంటుంది. రెండు డయాప్టర్ల (కళ్లద్దాల పవర్ లాంటి కొలత ఇది) క్లోజప్ లెన్సు ఫోకల్ లెంగ్త్ 500 మిల్లీమీటర్లు. దాన్ని 300 దగ్గర పెట్టిన జూమ్‌కు బిగించి, జూమ్‌ను అనంతానికి ఫోకస్ చేస్తే 300 బై 500, అంటే 0.6 వస్తుంది, అదీ అర మీటరు దూరం నుంచి. ఒకే గాజుతో చేసినవి అంచుల్లో రంగులు చిమ్ముతాయి, రెండు గాజులు అతికించి చేసిన ఆక్రోమాట్ తీసుకోండి.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లకు కూడా ఒక మాట. మాక్రో లెన్సులు పాతవైనా గాజు అద్భుతంగా ఉంటుంది. నికాన్ పాత ఏఎఫ్-డి మైక్రో లెన్సులు డీ3000, డీ5000 వరుస కెమెరాల్లో ఆటోఫోకస్ కావు, ఎందుకంటే ఆ కెమెరాల్లో మోటారు లేదు. అందుకే తక్కువకు దొరుకుతాయి. మాక్రోలో మనం చేత్తోనే ఫోకస్ చేస్తాం కాబట్టి ఆ లోటు మీకు పెద్దగా తగలదు. టెలిఫొటోలో అదే లోటు ఉంటే ఎగిరే పక్షిని తీయలేరు. ఏది కొన్నా వెనక నుంచి మొబైల్ టార్చి వేసి లోపల బూజు ఉందేమో చూడండి. సాలెగూడులా సన్నని దారాలు కనబడితే వదిలేయండి. కోస్తా తేమలో అది పెరుగుతూనే ఉంటుంది. కొన్న లెన్సును గాలి చొరబడని డబ్బాలో సిలికాజెల్‌తో పెట్టండి.

ఇంకొక్క విషయం, ఇది నాకు చాలా ముఖ్యం. దగ్గరికి వెళ్లగలగడం అనుమతి కాదు. పురుగును ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబార్చి తీసేవాళ్లున్నారు, గూటిలోని పిల్లలు కనబడాలని కొమ్మలు విరిచేవాళ్లున్నారు. ఏ లెన్సూ దానికి సాకు కాకూడదు. ప్రాణి పెట్టిన దూరాన్ని టెలిఫొటోతో దాటండి, కాళ్లతో కాదు.

ఇందాక ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి ఒక ప్రశ్న రాసి పంపింది. అన్నయ్య ఇచ్చిన పాత 70–300 ఉంది, చీమలూ సాలీళ్లూ తీయాలని ఉంది, ఇప్పుడే మాక్రో కొనేయనా అని అడిగింది. అమ్మా, ఇప్పుడే వద్దు. నీ జూమ్ ముందు భాగం ఎన్ని మిల్లీమీటర్లో లెన్సు మూత వెనక రాసి ఉంటుంది, ఆ సైజు ఆక్రోమాట్ క్లోజప్ లెన్సు ఒకటి తీసుకో, ఒక పాత ఫ్లాష్ చూసుకో. ఈ వానాకాలమంతా మీ పెరట్లోనే తియ్యి. 0.6 దగ్గర నీకు చీమ చిన్నదిగా కనబడి, ఇంకా దగ్గరకు వెళ్లాలని మనసు పీకుతూ ఉంటే కార్తీక మాసంలో మాక్రో కొను. ఈలోగా తీసిన చీమలను వచ్చే సమావేశానికి తీసుకురా, చెడిపోయినవి కూడా.